అవ్వ ఇంకా ఉందా? మంత్రాలయం నుంచి వాయిస్ నోట్ దాకా



ఈ రోజు టాపిక్‌లోకి పోయే ముందు ఒక మాట. నా ఫోన్‌లో 43 వాయిస్ నోట్స్ ఉన్నాయి. అన్నీ మా అవ్వ పంపినవే. అవ్వకి టైప్ చేయడం రాదు. మా చిన్నాన్న కూతురు ఆ మైక్ బొమ్మ చూపించి, "ఇది నొక్కి పట్టుకుని మాట్లాడు అవ్వా" అని నేర్పించింది. వాటిలో ఒకటి మూడే సెకన్లు ఉంటుంది. "ఏమప్పా, తింటివా?" అంతే. దానికి ముందు మాట లేదు, తర్వాత మాట లేదు.

మాది ఎమ్మిగనూరు. మగ్గాల ఇల్లు. మాచాని సోమప్ప గారు 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం వల్ల పేరొచ్చిన ఊరు కదా, మా అవ్వ కూడా చిన్నప్పటి నుంచీ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టిన మనిషే. నేను బీటెక్ చేసి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరా. 2021 ఉగాదికి రమ్మని అవ్వ అడిగింది. ఆఫీసులో రిలీజ్ ఉంది. "వచ్చే వారం వస్తాలే అవ్వా" అన్నా. ఆ వచ్చే వారం ఇంకో వారం అయింది. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. మే నెలలో ఒక రోజు తెల్లవారి నాన్న ఫోన్ చేశాడు. రాత్రి పడుకున్న అవ్వ మళ్లీ లేవలేదు.

కరోనా కాదు. అయినా అప్పుడు వీధిలో అందరికీ భయమే. పైగా ఆంధ్రాలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. పాస్ తీసుకుని, ఫ్రెండ్ కారులో అనంతపురం, గుత్తి, ఆదోని మీదుగా నేను ఇంటికి చేరేసరికి సాయంత్రం అయిపోయింది. అప్పటికే పూడ్చేసి వచ్చారు. రాట్నం మూలన ఉంది. దాని మీద సగం చుట్టిన కండె అట్లనే ఉంది.

ఆ రాత్రి నేను ఫోన్‌లో వెతికిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "చనిపోయాక మనిషి ఉంటాడా?" ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్న గురించే. ముందే చెప్తున్నా, నేను ఏ మతాన్నీ తక్కువ చేయట్లేదు, ఏదీ ప్రచారం చేయట్లేదు. నాకు ఆ రోజు ఒక జవాబు కావాల్సి వచ్చింది. వెతికితే, జవాబుల్లో చాలా భాగం మా ఊరి చుట్టుపక్కలే దొరికాయి.

ముందు ప్రశ్నని సరిగా అడుగుదాం

కోడ్‌లో బగ్ వస్తే ఏం చేస్తాం? పెద్ద సమస్యని చిన్న ముక్కలు చేస్తాం. ఇక్కడా అదే చేద్దాం. "నిత్యజీవం" అని అందరూ అదే మాట వాడుతున్నా, అందులో మూడు వేరే వేరే ప్రశ్నలున్నాయి.

మొదటిది, మిగిలేది ఎవరు? మా అవ్వ అవ్వలాగే మిగులుతుందా, లేక పేరు, జ్ఞాపకం ఏమీ లేని ఒక ఆత్మ మిగులుతుందా? రెండోది, మిగిలితే ఎంతకాలం? చాలాకాలమా, ఎప్పటికీనా? ఈ రెండూ ఒకటి కాదు. మూడోది, బతికున్న మనం చేయాల్సింది ఏమన్నా ఉందా? ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ప్రతి చోటా ఇవే అడుగుతా.

ఎర్రగుడి బండల దగ్గర

జొన్నగిరి పేరు విన్నారు కదా? తొలకరి వానలు పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతుకుతూ తిరిగే ఊరు. ఆ పక్కనే ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 2,200 ఏళ్లు దాటాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అక్కడి చిన్న శాసనంలో ఒక విచిత్రం ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, తర్వాతవి కుడి నుంచి ఎడమకి పోతాయి. పొలంలో గుంటక తోలినట్టు, ఆ చివరికి పోయి మళ్లీ వెనక్కి తిరుగుతాయి.

ఆ శాసనంలో అశోకుడు చెప్పేది ఏంటంటే, స్వర్గం గొప్పవాళ్లకి మాత్రమే కాదు, చిన్నవాడు కూడా ప్రయత్నిస్తే అందుకోవచ్చు అని. మన జిల్లాలో రాతి మీద మిగిలిన చాలా పాత మాటల్లో ఇదొకటి. అందులోనే చావు తర్వాత ఏంటన్న ప్రస్తావన ఉంది చూడండి.

కానీ ఇక్కడ ఒక చిక్కుంది. అశోకుడు బౌద్ధుడు. బుద్ధుడేమో శాశ్వతమైన ఆత్మ అంటూ ఏదీ లేదన్నాడు. మరి స్వర్గానికి పోయేది ఎవరు?

బౌద్ధులు దీనికి రథం ఉదాహరణ చెప్తారు. చక్రాలు విప్పి పక్కన పెట్టు, ఇరుసు తీసెయ్, కాడి తీసెయ్. ఇప్పుడు రథం ఎక్కడుంది? విడి భాగాలన్నీ కలిసి పనిచేస్తుంటే దానికి "రథం" అని పేరు పెట్టుకున్నాం, అంతే. మనిషి కూడా అంతే అంటారు. మరి పునర్జన్మ? ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు. రెండో దీపంలో ఉన్నది అదే మంట అనలేం, దానికి సంబంధం లేని మంట అనీ అనలేం. ఇక స్వర్గం ఉందిగానీ అదీ పర్మనెంట్ కాదు. బౌద్ధంలో దేవతలకి కూడా ఆయుష్షు అయిపోతుంది. గమ్యం స్వర్గం కాదు, నిర్వాణం. ఆ స్థితి పొందినవాడు చనిపోయాక ఉంటాడా ఉండడా అని అడిగితే, బుద్ధుడు ఆ ప్రశ్నకి ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. పక్కన పెట్టేశాడు.

నాకు ఆ రోజు ఇది నచ్చలేదు, నిజం చెప్తున్నా. అవ్వ పోయిన రాత్రి "ప్రశ్నే తప్పు" అంటే ఎవరికి నచ్చుతుంది?

జైనులు దీనికి సరిగ్గా ఎదురు చివర నిలబడతారు. ప్రతి జీవుడూ అనాది, ప్రతి జీవుడూ శాశ్వతం. కర్మ అంటే వాళ్లకి ఒక సన్నటి పదార్థం, ధూళిలా జీవుడికి అంటుకుని బరువెక్కిస్తుంది. అదంతా రాలిపోతే జీవుడు తేలికై లోకం పైకొసకి చేరి, అక్కడ విడిగా, పూర్తి జ్ఞానంతో ఎప్పటికీ ఉండిపోతాడు. ఎవరిలోనూ కలిసిపోడు.

చక్కెరా, చక్కెర తినే చీమా?

ఉపనిషత్తుల్లో నాకు బాగా నచ్చిన సీన్ ఒకటుంది. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఇల్లు వదిలి పోతూ, ఉన్న ఆస్తి ఇద్దరు భార్యలకీ పంచుతానంటాడు. మైత్రేయి ఒకటే అడుగుతుంది: ఈ భూమి నిండా డబ్బున్నా నాకు చావు లేకుండా పోతుందా? పోదు అంటాడు ఆయన. అయితే నాకెందుకు, నీకు తెలిసింది చెప్పు అంటుంది. కఠోపనిషత్తులో నచికేతుడు కూడా అంతే. యముడు బంగారం, ఏనుగులు, వందల ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నా వద్దంటాడు. చనిపోయాక మనిషి ఉంటాడా లేడా, అది చెప్పు అంటాడు. నేను ఆ రాత్రి ఫోన్‌లో టైప్ చేసిన ప్రశ్నే.

యాజ్ఞవల్క్యుడి జవాబులో మైత్రేయిని కంగారు పెట్టిన మాట ఒకటుంది. ఉప్పుగడ్డ నీళ్లలో కరిగినట్టు అంతా కలిసిపోయాక, విడిగా "నేను" అనే తెలివి ఉండదంటాడు. ఈ దారిలోనే నడిచిన శంకరుల అద్వైతం ప్రకారం నిజంగా ఉన్నది ఒకటే, బ్రహ్మం. "నేను", "అవ్వ" అనే తేడా అజ్ఞానం వల్ల కనిపిస్తుంది. మోక్షం అంటే ఆ తేడా చెరిగిపోవడం. అంటే శాశ్వతం అనేది ఉంది. కానీ అందులో కండెలు చుట్టే మా అవ్వ, అవ్వగా ఉండదు.

ఇప్పుడు మా ఊరి నుంచి సుమారు 20 కిలోమీటర్లు తుంగభద్ర వైపు పోదాం. మంత్రాలయం. రాఘవేంద్ర స్వామి మఠం. మధ్వాచార్యుల ద్వైత సంప్రదాయం. ద్వైతం ఏమంటుందంటే, దేవుడు వేరు, జీవుడు వేరు. అంతే కాదు, ఒక జీవుడు ఇంకో జీవుడు కాదు. ఈ తేడా అజ్ఞానం కాదు, నిజం. మోక్షం వచ్చాక కూడా తేడా పోదు. నువ్వు నువ్వే. చక్కెర అయిపోవడం కాదు, చక్కెర తినడం. పైగా మోక్షంలో ఆనందం కూడా అందరికీ ఒకే కొలత కాదు. ఎవరి యోగ్యత ఎంతో వాళ్లకంత. చిన్న చెంబు అయినా, పెద్ద బిందె అయినా, నిండుగానే ఉంటాయి.

వినడానికి హాయిగా ఉంది కదా? కానీ ఇదే సంప్రదాయంలో కఠినమైన మాట కూడా ఉంది. అందరూ మోక్షానికి అర్హులు కారు. కొందరు జీవులు ఎప్పటికీ పుడుతూ చస్తూ ఉంటారు, కొందరికి శాశ్వతమైన చీకటి. హిందూ తత్వశాస్త్రంలో శాశ్వత నరకం లాంటి మాట చాలా అరుదు. అది ద్వైతంలో కనిపిస్తుంది. మనిషి విడిగా ఎప్పటికీ ఉంటాడు అని ఒప్పుకున్నాక, చెడ్డవాడు కూడా ఎప్పటికీ ఉంటాడా అనే ప్రశ్న తప్పదు. నిత్యజీవానికి ఉన్న ఖరీదు అది.

మంత్రాలయం లెక్క

మంత్రాలయం పాత పేరు మంచాల. ఆదోనిలో బీజాపూర్ తరఫున పాలించిన సిద్ది మసూద్ ఖాన్ ఆ ఊరిని స్వామికి ఇచ్చాడని చెప్తారు. కథ మీరు వినే ఉంటారు. నవాబు పరీక్ష కోసం గుడ్డ కప్పిన పళ్లెంలో మాంసం పంపితే, స్వామి నీళ్లు చల్లి గుడ్డ తీసేసరికి పళ్లూ పూలూ అయ్యాయి అని. ఆదోనిలో ఉన్న పెద్ద జామియా మసీదు కట్టించింది కూడా ఆ సిద్ది మసూద్ ఖానే. ఒకే మనిషి పేరు అక్కడ మసీదుతోనూ, ఇక్కడ బృందావనంతోనూ కలిసి వినిపిస్తుంది.

1671లో, శ్రావణ బహుళ విదియ నాడు, రాఘవేంద్ర స్వామి ప్రాణంతోనే బృందావనంలో కూర్చున్నారు. చేతిలో జపమాల ఆగాక రాళ్లు పేర్చారు. దీన్నే జీవసమాధి అంటాం. ఇక్కడ భక్తుల నమ్మకాన్ని జాగ్రత్తగా వినండి. స్వామి అక్కడ "ఎప్పటికీ" ఉంటారు అనరు. 700 ఏళ్లు ఉంటారంటారు. లెక్కేస్తే 2371 దాకా. 2021 ఆగస్టులో 350వ ఆరాధన జరిగింది. సరిగ్గా సగం.

నేను ఆ సంవత్సరం ఆరాధన టైమ్‌లో ఊర్లోనే ఉన్నా, వర్క్ ఫ్రమ్ హోమ్. అవ్వ పోయి మూడు నెలలు. సగం అయిపోయింది అంటే ఏదో కదిలినట్టయింది నాకు. ఇది శాశ్వతత్వం కాదు. ఒక మాట. "మీ మనవళ్లు, వాళ్ల మనవళ్లు వచ్చినా నేనిక్కడే ఉంటా" అని పెద్దమనిషి ఇచ్చిన మాట. మన రెండో ప్రశ్నకి ఇంత కచ్చితమైన నెంబర్ ఇంకెక్కడా నాకు దొరకలేదు.

థామస్ మన్రో కథ కూడా చెప్తారు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టర్ ఆయన. ఆదోని అప్పుడు ఆ దత్తమండలాల్లోనే, తర్వాత 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. మఠం భూముల విషయం తేల్చడానికి వచ్చిన మన్రోకి స్వామి కనిపించి మాట్లాడారని, పక్కనున్నవాళ్లకి మాత్రం ఎవరూ కనిపించలేదని కథ. కథ సంగతి ఎట్లున్నా, మన్రో 1827 జులై 6న కలరాతో చనిపోయింది మాత్రం ఇక్కడికి దగ్గర్లోని పత్తికొండలో. మద్రాసు గవర్నర్‌గా ఉండి, ఇంకొన్నాళ్లలో సొంత దేశం పోవాల్సిన మనిషి.

లింగైక్యం, బర్జఖ్, పునరుత్థానం

మా వైపు లింగాయతులు ఎక్కువ. వాళ్లలో చావుని "లింగైక్యం" అంటారు. మనిషిని కాల్చరు. కూర్చోబెట్టి, ఇష్టలింగం ఎడమ చేతిలో పెట్టి పూడుస్తారు. 12వ శతాబ్దంలో బసవన్న నాటి శరణుల ఆలోచన ప్రకారం, బతికుండగానే శివుడితో ఒకటైనవాడికి చావు తర్వాత పిండం, మళ్లీ జన్మ అనే లెక్కలు అవసరం లేదు. శరీరమే గుడి, అందుకే గుడిని కూర్చోబెట్టినట్టే సాగనంపుతారు.

ఆదోనిలో నా ఇంటర్ ఫ్రెండ్ ఒకడున్నాడు, ముస్లిం. వాళ్ల తాత కూడా ఆ 2021లోనే పోయాడు. వాడిని అడిగా, "మీ దాంట్లో ఏమంటారు రా?" అని. వాడు చెప్పింది: చనిపోయాక రూహ్ బర్జఖ్‌లో ఉంటుంది. బర్జఖ్ అంటే అడ్డుగోడ లాంటిది, ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య. ఖియామత్ రోజు అందర్నీ మళ్లీ శరీరంతో లేపుతారు. లెక్క చూస్తారు. తర్వాత జన్నత్ లేదా దోజఖ్. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చూడండి. ఆత్మ తనంతట తానే నిత్యమైనది కాదు. దేవుడు ఇస్తేనే ఉంటుంది. నిత్యుడు ఆయన ఒక్కడే.

దర్గాల్లో జరిగే "ఉర్సు" అనే మాటకి అరబ్బీలో అర్థం పెళ్లి. ఆ మహాత్ముడు చనిపోయిన రోజుని పెళ్లిరోజులా చేస్తారు, దేవుణ్ణి కలుసుకున్న రోజని. మన ఊర్లలో పీర్ల పండుగ సంగతి చెప్పక్కర్లేదు. 680లో కర్బలాలో చనిపోయిన హుస్సేన్ కోసం, కర్నూలు జిల్లా పల్లెల్లో హిందువులు కూడా పీర్లు ఎత్తుకుని గుండం చుట్టూ తిరుగుతారు.

వాడు ఇంకో మాట కూడా చెప్పాడు. మనిషి చనిపోతే చేసే పనులన్నీ ఆగిపోతాయి, మూడు తప్ప. కొనసాగే దానం, పదిమందికి పనికొచ్చే విద్య, తన కోసం దువా చేసే మంచి బిడ్డ. ప్రవక్త చెప్పినట్టుగా వాళ్ల సంప్రదాయంలో ఉన్న మాట ఇది. "మా తాత బావి తవ్వించలేదు, బడి కట్టలేదు. ఇంక నేనే మిగిలా రా" అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడుగానీ కళ్లు వేరేగా ఉన్నాయి.

ఇక "నిత్యజీవం" అనే తెలుగు మాట మన చెవిన ఎక్కువగా పడేది చర్చి నుంచే. చాలామంది ఏమనుకుంటారంటే, క్రైస్తవం కూడా "శరీరం పోతుంది, ఆత్మ ఎగిరిపోతుంది" అంటుంది అని. పూర్తిగా అది కాదు. అది ఎక్కువగా గ్రీకు ఆలోచన. క్రీస్తుపూర్వం 399లో విషం తాగే ముందు సోక్రటీస్ ఆత్మ చావదని వాదించినట్టు ప్లేటో రాశాడు. క్రైస్తవ నమ్మకం మధ్యలో ఉన్నది పునరుత్థానం, అంటే శరీరంతో మళ్లీ లేవడం. నాటిన విత్తనానికీ మొలిచిన చెట్టుకీ ఉన్నంత తేడా ఉన్నా, ఆ మనిషే. ఇంకా ఒకటి, యోహాను సువార్తలో నిత్యజీవం చనిపోయాక మొదలయ్యేది కాదు. దేవుణ్ణి తెలుసుకోవడంతో ఇక్కడే, ఇప్పుడే మొదలవుతుంది.

లేదు అన్నవాళ్లు, వద్దు అన్నవాళ్లు

మన దేశంలోనే చార్వాకులు ఇదంతా లేదన్నారు. దేహం కాలిపోయాక తిరిగొచ్చేది ఏముంది అని. గ్రీసులో ఎపిక్యూరస్ కూడా, చావు మనల్ని బాధపెట్టాలంటే అక్కడ మనం ఉండాలి కదా, ఉండం కాబట్టి భయమెందుకు అన్నాడు. లాజిక్ సరిగ్గానే ఉంది. కానీ ఇది చనిపోయేవాడి భయానికి మందు. మిగిలినవాడి బాధకి కాదు. నా ప్రాబ్లమ్ నా చావు కాదు, మా అవ్వ చావు.

పోనీ, అసలు చావే లేకపోతే? మనం పెళ్లి పత్రికల్లో పేరు ముందు "చి." అని వేస్తాం. చిరంజీవి అని. పెద్దవాళ్ల కాళ్లకి మొక్కితే చిరంజీవ అని దీవిస్తారు. కానీ మన ఏడుగురు చిరంజీవుల లిస్ట్ చూడండి. అందులో హనుమంతుడున్నాడు, అశ్వత్థామ కూడా ఉన్నాడు. హనుమంతుడికి అది వరం. అశ్వత్థామకి వేల ఏళ్లు ఒంటరిగా, మానని పుండుతో తిరగమన్నది శాపం. గ్రీకు కథల్లో టిథోనస్‌కి చావు లేని వరం దొరికింది, యవ్వనం అడగడం మర్చిపోయారు. ముసలితనం పెరుగుతూనే పోయింది. అంటే ఉత్తి "ఎక్కువ కాలం" అనేది వరం కాదు. ఎవరితో, ఎట్లా అనేదే అసలు సంగతి.

సైన్స్ వైపు ఫాస్ట్‌గా చెప్పేస్తా. రికార్డుల్లో ఎక్కువకాలం బతికిన మనిషి ఫ్రాన్స్‌కి చెందిన జాన్ కాల్మా, 122 ఏళ్లు, 1997లో చనిపోయింది. 1967 జనవరిలో అమెరికాలో జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే ప్రొఫెసర్ శరీరాన్ని, ఎప్పటికైనా బతికించొచ్చనే ఆశతో గడ్డకట్టించి పెట్టారు. ఇప్పటికీ అట్లనే ఉంది. అట్లా దాచిన ఒక్క మనిషిని కూడా ఎవరూ లేపలేదు.

నేను చేసిన పని

ఇప్పుడు నేను చెప్పడానికి కొంచెం సిగ్గుపడే విషయం.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. నా దగ్గర 43 వాయిస్ నోట్స్ ఉన్నాయి. గొంతుని కాపీ చేసే ఏఐ టూల్స్ వచ్చాయి. ఏం చేసుంటానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఒక వీకెండ్ కూర్చుని అవ్వ గొంతు తయారు చేశా. నేను టైప్ చేస్తే అవ్వ మాట్లాడుతుంది. మొదటిసారి వింటే ఒళ్లు జలదరించింది. ఊరికి పోయినప్పుడు అమ్మకి వినిపించా. "ఏమప్పా, బెంగళూరులో ఎట్లుండావు? ఆరోగ్యం జాగ్రత్త" అని అవ్వ గొంతు.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "గొంతు అత్తదే. కానీ అత్త ఎప్పుడైనా ఆరోగ్యం జాగ్రత్త అనిందా? తింటివా అనేది. వస్తావా అనేది. ఇది నువ్వు రాసిన మాట కదా. తీసెయ్‌రా."

తీసేశా. అమ్మ చెప్పింది కరెక్ట్. అవ్వ నాకు అడిగింది "వస్తావా" అని. నేను తయారు చేసిన అవ్వ ఆ మాట అడగదు, ఎందుకంటే ఆ మాట నేను టైప్ చేయలేదు. నేను దాని నుంచి తప్పించుకుందామనే ఆ బొమ్మ చేశా.

ఆలస్యంగా వచ్చినవాళ్లు

ఇది జరిగాక నాకు రెండు కథలు గుర్తొచ్చాయి. చిన్నప్పటి నుంచీ వింటున్నవే, కానీ అప్పుడు అర్థం కాలేదు.

మొదటిది మంత్రాలయంలో. రాఘవేంద్ర స్వామి ప్రియశిష్యుడు అప్పణాచార్యులు, నది అవతల బిచ్చాలిలో ఉండేవాడు. స్వామి బృందావనంలోకి వెళ్లే రోజు ఆయన దగ్గర లేడు. తెలిసి పరుగెత్తుకొస్తే తుంగభద్ర పొంగుతోంది. స్తోత్రం చెప్పుకుంటూ నది దాటొచ్చాడు. అప్పటికే రాళ్లు పేర్చేశారు. ఏడుపుతో చివరి పాదం గొంతులో ఆగిపోయింది. అప్పుడు ఆ మిగిలిన ఏడు అక్షరాలూ బృందావనం లోపలి నుంచి వినిపించాయి అని కథ.

రెండోది బనగానపల్లెలో కాలజ్ఞానం రాసిన పోతులూరి వీరబ్రహ్మేంద్ర స్వామిది. సంప్రదాయం ప్రకారం ఆయన 1693లో కందిమల్లాయపల్లెలో జీవసమాధి అయ్యారు. శిష్యుడు సిద్దయ్య, దూదేకుల ఇంట్లో పుట్టినవాడు. సమాధి రోజున పూలు తెమ్మని స్వామి అతణ్ణి బనగానపల్లెకి పంపారు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. సిద్దయ్య రాతి మీద పడి ఏడిస్తే, స్వామి మళ్లీ కనిపించి, తన దండం, కమండలం, పాదుకలు, ముద్రిక ఇచ్చారని కథ.

చూశారా? ఇరవై రెండేళ్ల తేడాతో, ఇదే రాయలసీమలో రెండు జీవసమాధులు. రెండింటిలోనూ జనం గుర్తుపెట్టుకున్నది ఆలస్యంగా వచ్చినవాడినే. ఈ కథలు జరిగాయా లేదా అని నేను వాదించను. వీటిని తరతరాలుగా ఎందుకు చెప్పుకుంటున్నారో మాత్రం నాకు తెలుసు. ప్రతి ఇంట్లో ఒకడు ఆలస్యంగా వస్తాడు.

ఇంకోటి గమనించండి. లోపలి నుంచి వచ్చిన గొంతు "ఏడవకు, నేను ఉన్నా" అని చెప్పి ఊరుకోలేదు. ఒకడికి పూర్తి చేయాల్సిన స్తోత్రం అందించింది. ఇంకొకడికి దండం చేతికిచ్చి పని అప్పజెప్పింది. నా ఆదోని ఫ్రెండ్ చెప్పిన "దువా చేసే బిడ్డ" కూడా అదే. మా పెద్దల అమావాస్యకి గుడ్డలు పెట్టి, అన్నం వండి, కాకికి ముద్ద వేయడం కూడా అదే. ద్వైతం చెప్పినట్టు అవ్వ అవ్వలాగే ఎక్కడో ఉందా, అద్వైతం చెప్పినట్టు కలిసిపోయిందా, రథంలా విడిపోయిందా, ఖియామత్ రోజు కోసం ఎదురుచూస్తోందా, మొదటి ప్రశ్నకి ఈ దారులేవీ ఒక్క మాట మీద లేవు. నేనూ తేల్చలేను. మూడో ప్రశ్న దగ్గర మాత్రం చాలావరకు కలుస్తాయి: పోయినవాళ్లు నీకు ఏదో వదిలిపోయారు, అది పట్టుకో.

నాకు అవ్వ వదిలిపోయింది ఏంటి? ఒక ప్రశ్న. "ఎప్పుడొస్తావు?"

ఇప్పుడు ఆ ప్రశ్న అమ్మ అడుగుతోంది. అందుకే నేను ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టినప్పుడు ఒక రూల్ పెట్టుకున్నా. నెలకి ఒకసారి ఎమ్మిగనూరు. షూట్ ఉన్నా సరే, ఎడిటింగ్ మిగిలినా సరే. "వచ్చే వారం" అనే మాట ఇంట్లో వాడను. మొన్న పోయినప్పుడు అమ్మ ఆ రాట్నం తుడిచి, సగం చుట్టిన కండెని పూర్తి చేసి మగ్గం నేసే మా చిన్నాన్నకి ఇచ్చేసింది. చీర అయిపోయి ఎవరింటికో పోయుంటుంది. నేను ఆపలేదు.

ఆ మూడు సెకన్ల నోట్ మాత్రం ఉంచుకున్నా. ఫోన్ మారినా బ్యాకప్ తీస్తా. అది నేను తయారు చేసింది కాదు, అవ్వ నిజంగా అడిగింది. తిన్నానవ్వా.

సరే ఫ్రెండ్స్. మీ ఇంట్లో, మీ ఊర్లో చనిపోయినవాళ్ల గురించి ఏం నమ్ముతారు, ఏం చేస్తారు, నాకు రాయండి. కానీ రాసే ముందు ఒక పని చేయండి. మీ ఫోన్‌లో మీరు రిప్లై ఇవ్వకుండా వదిలేసిన వాయిస్ నోట్ ఒకటి ఉంటుంది, అమ్మదో, తాతదో. ఈ ట్యాబ్ మూసేసి ముందు దానికి జవాబు ఇవ్వండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.